టైరుకు కట్టిన నడికట్టు

అంకమదాసు గారిని ఎవరేమి అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "ఉండమ్మా, దారిలో ఎక్కడన్నా కనపడుతుందేమో చూద్దాం" అనేవారు. ఆయనది పెద్ద మఠమేమీ కాదు. కనిగిరి అవతల రెండు రేకుల గదులు, చెప్పింది వినడానికి వచ్చే కొద్దిమంది సంసారులు, అంతే. ఆ వచ్చేవాళ్ళలో మాలకొండమ్మ ఒకతె. ఎప్పుడూ అందరి వెనక, గోడకు ఆనుకొని కూర్చునేది. నోరు తెరిచి ప్రశ్న అడిగింది ఆ ఒక్కసారే.

"అయ్యా, పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదలాలి?"

ఆ చెయ్యి ఆమె చెల్లెలి కూతురు సుగుణది. తల్లి పోయేనాటికి పిల్లకు నడక కూడా సరిగా రాలేదు. అప్పట్నుంచీ దానికి పెద్దమ్మయినా అమ్మయినా మాలకొండమ్మే. బడికి తోడు పోయింది. కాలేజీకి బస్సెక్కించి, మళ్ళీ దిగే వేళకు రోడ్డు మీద నిలబడింది. పరీక్షలప్పుడు గేటు బయట ఎండలో కూర్చుంది. ఆ పిల్లకు నీడలు రెండున్నాయని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు సుగుణకు నర్సు చదువు పూర్తయి, నెల్లూరులో ఒక ఆస్పత్రిలో పని దొరికింది. వస్తున్నదీ లేనిదీ ఆ సాయంత్రంలోగా వాళ్ళకు చెప్పాలి. "నువ్వు పొమ్మంటేనే పోతాను పెద్దమ్మా, వద్దంటే మానుకుంటాను" అని ఊరుకుంది ఆ పిల్ల. అన్న మాట మీద నిలిచే మనిషి. ఒక్కసారి వద్దంటే ఇక ఆ ఊసే ఎత్తదు. అది తెలిసి కూడా, వద్దు అన్న మాట పొద్దుట్నుంచీ మాలకొండమ్మ నాలుక చివరే ఆడుతోంది.

గురువుగారు ఆ రోజు పామూరులో ఎవరింట్లోనో సత్సంగానికి పోతూ ఆమెను కూడా వ్యానెక్కమన్నారు. సగం దారిలో వెనక టైరు చీలింది. అదృష్టం కొద్దీ, మస్తాను అనే అతని టైర్ల కొట్టు అక్కడికి దగ్గరే.

మస్తాను కొత్త టైరొకటి తీశాడు. చక్రాన్ని మిషను బల్ల మీద బిగించి, అది గిర్రున తిరుగుతుంటే టైరును దాని మీదికి ఎక్కించేశాడు. పని అయిపోయిందనుకుంది మాలకొండమ్మ. తీరా గాలి పెడితే, పెట్టింది పెట్టినట్టే పక్కలనుంచి బుస్సుమని బయటికి పోతోంది. అందులో ట్యూబు ఉండదట. టైరు అంచులు రెండూ చక్రం అంచులకు అతుక్కుంటేనే గాలి నిలుస్తుందట. ఈ టైరేమో కొట్లో మిగతా టైర్ల బరువు కింద పడి నలిగి, అంచులు లోపలికి ముడుచుకుపోయి ఉంది.

అప్పుడతను గోడ మేకుకు వేలాడుతున్న పట్టీ ఒకటి తెచ్చాడు. వెడల్పాటి గట్టి నవారు, బిగించడానికొక మర, ఆ మరకు జానెడు ఇనుప పిడి. దాన్ని టైరు చుట్టూ నడికట్టు కట్టినట్టు కట్టి పిడి తిప్పాడు. నడుం నొక్కుకుపోయేసరికి అంచులు రెండు పక్కలకూ తెరుచుకొని చక్రానికి తగిలాయి. డ్రైవరు టీ కోసం రోడ్డు దాటి పోయాడు. మస్తానుకు ఒక చెయ్యి టైరు మీద, ఒక చెయ్యి గాలి గొట్టం మీద ఉండాలి. అందుకని పిడి వెనక్కి తిరగకుండా కాస్త పట్టుకొమ్మని మాలకొండమ్మనే అడిగాడు. ఆమె కొంగు దోపుకొని రెండు చేతులా పట్టుకుంది. పట్టుకోవడం ఆమెకు ఒకరు నేర్పాలా?

ఈసారి గాలి బయటికి పోలేదు. టైరు మెల్లమెల్లగా ఒళ్ళు చేసింది. లోపల టప్పుమని ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి. ఆమె ఉలిక్కిపడి పిడిని మరింత బిగబట్టింది.

"అయిందమ్మా, వదలండి" అన్నాడు మస్తాను గాలి ఆపి.

ఆమె వదల్లేదు. వదిలితే మళ్ళీ ఊడొస్తుందేమోనని అడిగింది.

"ఊడేదైతే ఆ చప్పుడు రాదు. అంచు దాని చోట అది కూర్చుంది. ఇప్పుడు దాన్ని నిలబెట్టింది మీ పట్టీ కాదు, లోపలున్న గాలి." అని నవ్వాడు. "నేను ఊపిరి పోస్తుంటే మీరు ఉరేస్తున్నారు. ఇట్లాగే ఉంచి నిండా గాలి పెడితే ఆ పట్టీ తెగి మనిద్దరి మొహాలూ పగులుతాయి."

ఆమె గురువుగారి వైపు చూసింది. ఆయన బెంచీ మీద కూర్చొని శనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఇటు చూడనైనా లేదు.

మాలకొండమ్మ ఒక్కొక్క వేలే తీసింది. పట్టీ వదులై జారిపోయింది. అది ఉన్నచోట టైరు చుట్టూ చిన్న నొక్కు కనపడింది. మస్తాను మిగతా గాలి పెడుతుంటే ఆమె కళ్ళముందే ఆ నొక్కు నిండి, టైరు గుండ్రంగా లేచింది. అంచుల మీద సబ్బు నీళ్ళు పోసి చూశాడు. ఒక్క బుడగైనా రాలేదు.

అతను చక్రం బిగిస్తుండగానే ఆమె పక్కకు పోయి ఫోను చేసింది. "సుగుణా, పోమ్మా" అంది. అటునుంచి అన్నం తిన్నావా పెద్దమ్మా అని అడిగింది ఆ పిల్ల. ఈమె తిన్నానని అబద్ధం చెప్పింది.

వ్యాను కదిలింది. మాలకొండమ్మకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. "ఇక దానికి నేను అక్కర్లేదేమో అయ్యా" అంది, తనలో తను అనుకున్నట్టుగా.

గురువుగారు పంచె మీది శనక్కాయ పొట్టు దులుపుకొని, వెనకబడిపోతున్న కొట్టు వైపు ఒకసారి తిరిగి చూశారు.

"ఆ పట్టీని మస్తాను ఏం చేశాడో చూడలేదా తల్లీ? పారెయ్యలేదు. తుడిచి, చేతికందే మేకుకే తగిలించుకున్నాడు."