తొక్కల పాకం

"వచ్చే కాపు నాటికి తోటలో పనిచేసేవాళ్ళ పిల్లలకి బడి కట్టిస్తాం."

పంట పండుగనాడు, యాపిల్ తోట జనమంతా భోజనాల బంతిలో కూర్చుని ఉండగా, మఠం పెద్ద ఫాదర్ ఇచ్చిన మాట అది. ఆ తర్వాత నాలుగు కాపులు వచ్చిపోయాయి. బడి రాలేదు సరికదా, పండుగ బంతి కూడా ఎత్తేశారు.

ఫిరంగిపురం నుంచి హిమాలయాల్లోని ఆ కుమావూ కొండల మఠానికి వచ్చిన కుర్ర బ్రదర్ శౌరికి ఇది మింగుడు పడలేదు. అప్పటికే రెండు విజ్ఞాపనలు రాశాడు. పెద్ద ఫాదర్ చదవకుండానే పక్కన పెట్టేశారు. మూడోది పన్నెండు పేజీలు వచ్చింది. ఇదీ అంతే అయితే కొండ దిగి వెళ్ళిపోవాలని తీర్మానించుకుని, కాగితాలు పట్టుకుని గురువు దగ్గరికి వచ్చాడు.

గురువు ఫాదర్ జోజయ్య వంటింట్లో యాపిల్ పండ్లు తొలుస్తున్నాడు, అడుగు తెగకుండా. యాభై ఏళ్ళ కిందట ఇదే పొయ్యి దగ్గర ఒక ముసలి ఫాదర్ నేర్పిన వంట. తొలిచిన పండులో వెన్న, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క కూరి, బట్టీలో కాల్చి, పైన పాకం పోస్తారు.

"చదవరా అబ్బాయ్. చదువుతూ ఆ గిన్నె కలుపు."

అందులో యాపిల్ తొక్కలు ఉడికించి వడగట్టిన నీళ్ళు, బెల్లం. గిన్నె నిండుగా ఉంది. శౌరి గొంతు సవరించుకున్నాడు.

"చరిత్ర ఎవరినీ క్షమించదు! మౌనం కూడా నేరమే! శ్రమజీవి చెమటచుక్క..."

"బాగుంది. బడి మాట ఎక్కడొస్తుంది?"

"పదకొండో పేజీలో, ఫాదర్."

"ఊఁ. కలుపు, అడుగంటుతుంది."

మూడో పేజీకి శౌరి చెయ్యి నొప్పెట్టింది. "ఇంక దించెయ్యనా?"

జోజయ్య గరిటె ఎత్తి చూశాడు. బొటబొటా కారిపోయింది. "నీళ్ళు."

"గిన్నెడు ఉంది కదా, అందరికీ సరిపోతుంది."

"కింద ఏరు కూడా అందరికీ సరిపోతుంది."

శౌరి మూతి ముడుచుకుని మళ్ళీ కలిపాడు. యాపిల్ వాసన, కాలుతున్న వెన్న వాసన వంటింటిని నింపాయి. జోజయ్య కిటికీలోంచి తోటకేసి చూశాడు.

"ఆ రోజుల్లో బంతి ఈ గుమ్మం నుంచి ఆ కంచె దాకా సాగేది. పిల్లలు పళ్ళేలు నాకేసేవాళ్ళు. హీరా అని ఒక పిల్ల, పాకం వేలికి పూసుకుని పొద్దుగూకే దాకా చప్పరిస్తూ తిరిగేది. ఇప్పుడు దాని కూతురు బుట్ట మోస్తోంది."

"ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

శౌరి ఆ తర్వాత చదవలేదు. కలుపుతూ ఉండిపోయాడు.

గిన్నెలో పావు వంతు మిగిలేసరికి పాకం ఎర్రబడి గరిటెను పట్టుకుంది. జోజయ్య వేడి పండు మీద ఒక్క చెంచా పోసి శిష్యుడి ముందు పెట్టాడు. శౌరి తిన్నాడు. అడుగున మిగిలిన పాకం వేలితో తీసి చప్పరించాడు.

జోజయ్య ఇంకో పండు పళ్ళెంలో పెట్టాడు. "ఇది పెద్ద ఫాదర్‌కి. చల్లారకముందే తీసుకెళ్ళు."

శౌరి ఒక తెల్ల కాగితం తీసి, నిలబడే రాసి, మడవకుండా పళ్ళెం పక్కన పెట్టుకుని వెళ్ళాడు.

"అయ్యా, హీరా కూతురికి తొమ్మిదేళ్ళు వచ్చాయి. బడి ఎప్పుడు కడతారు? సెప్టెంబరు ముప్పైలోగా జవాబు చెప్పండి."