ఊరివైపు తిప్పిన పులిబొమ్మ

విను బంగారం, అనగనగా కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో పారమ్మ అని ఒకావిడ జంతువుల బొమ్మలు వేసేది. కాగితాల మీదా గోడల మీదా కాదు సుమా! ఏ గొడ్డు బొమ్మ కావాలంటే ఆ గొడ్డు తాకినదాని మీదే వెయ్యాలి. అది ఆ ఊరి కట్టు. గేదె బొమ్మయితే అది పొర్లే మడుగులోని రాయి మీద, కోడి బొమ్మయితే దాని గుడ్డుపెంకు మీద. నమిలిన ఈతపుల్లే ఆవిడ కుంచె. ఆ బొమ్మ దొడ్లో కడితే గొడ్డు చల్లగా ఉంటుందని నమ్మకం.

పారమ్మకి పొత్తిళ్ళలో ఒక మనవరాలు. తల్లి పురిట్లోనే పోయింది. ఇంట్లో ఉన్న చుక్కమేక పాలే ఆ బిడ్డకి ప్రాణం. వేరే పాలు పడితే కక్కేసేది, పాపం.

అప్పుడు ఊరి మీద ఒక చిరుతపులి పడింది. ఊరిపెద్ద సన్యాసినాయుడు పారమ్మని పిలిచి, "పొలిమేరలో పులిబొమ్మ కట్టు. ఇక్కడ ఇంకో పులుందనుకుని అది పారిపోవాల" అన్నాడు.

కట్టు ప్రకారం పులి తాకినదే కావాలి కదా! దానికోసం అడవిలోకి ఎవరెళ్తారు? పారమ్మకీ భయమే, నాయుడికీ భయమే. అందుకని ఇద్దరూ ఆ మాటే ఎత్తలేదు. ఏటి రాయి మీద వేసి కట్టింది. ఆ సాయంత్రమే పులి ఒక మేకపోతుని ఎత్తుకుపోయింది. ఆ తర్వాత ఎండు సొరబుర్ర మీద వేసింది. ఈసారి కాపలాకుక్క పోయింది.

నాయుడికి ఒళ్ళు మండిపోయింది. "ఈపాలి కూడా నీ బొమ్మ పన్జెయ్యకపోతే నీ సుక్కమేకనే ఎర కట్టీస్తాం. రేపు పొద్దుగూకేదాకే సూస్తాం" అన్నాడు.

మేక పోతే బిడ్డ ఏం తాగి బతుకుతుంది? తెల్లారగానే పారమ్మ బిడ్డని పొరుగింట్లో అప్పజెప్పి అడవిదారి పట్టింది.

కొండవాగు పక్కన ఒక మద్దిచెట్టు. దాని కింద పెద్ద బెరడు పెచ్చు ఊడి పడి ఉంది. దాని మీద లోతుగా పులిగోళ్ళ గీతలు. వాటి పక్కనే సన్నసన్నని గీతలు. ఇవెవరివబ్బా అనుకుంది. అప్పుడు పొదలోంచి సన్నగా కూతలు వినబడ్డాయి. చూస్తే రెండు పులికూనలు! కొండ మీదకి పోయే దారికి అటూ ఇటూ నిట్టనిలువు బండలు. మధ్యలో ఊరివాళ్ళు నరికి పేర్చిన వెదురుమోపులు, ముళ్ళకంపలు. కూనల్ని నోట కరుచుకుని తల్లి ఎలా వెళ్తుంది? అందుకే ఇక్కడే ఉండిపోయి ఊరి మీద పడుతోంది!

అంతలో ఎదురుగా రెండు పసుప్పచ్చ కళ్ళు.

"పరిగెత్తేవో సచ్చేవే పారమ్మా" అని తనకి తనే చెప్పుకుంది. బెరడు గుండెకి అదుముకుని, చూపు తిప్పకుండా, ఒక్కో అడుగే వెనక్కి వేసింది. పులి గుర్రుమంది. ముందుకొచ్చింది. కూనల దగ్గర ఆగిపోయింది.

ఇంటికొచ్చి ఆ బెరడు మీద బొమ్మ వేసింది. పొలిమేరకి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. నాయుడి చేతిలో అప్పటికే మేక తాడు ఉంది. పారమ్మ బొమ్మని ఊరివైపు తిప్పి కట్టింది.

"ఇటు తిప్పేవేటి? పులి సూడొద్దా?"

"దాని గోడు దానికి తెలీదేటి బాబూ? తెలీంది మనకే. సూడండి" అంది పారమ్మ.

అందరూ చూశారు. తల్లిపులి, పొట్ట కింద రెండు కూనలు, దారికి అడ్డంగా వెదురుమోపులు. ఆ మోపులు నరికినవాళ్ళు తలలు దించుకున్నారు.

ఆ తర్వాత ఊరంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కదిలింది. పొదలో పులి గుర్రుమంటూనే ఉంది. మోపులు లాగేసి, దూరంగా బండ వెనక నక్కారు. పులి వచ్చింది. ఒక కూనని కరుచుకుని కొండెక్కింది. మళ్ళీ వచ్చి రెండోదాన్ని తీసుకెళ్ళింది. హమ్మయ్య అనుకునేలోగా మూడోసారి వచ్చింది! అందరూ బండకి ఇంకా అతుక్కుపోయారు. అది ఆ ఖాళీ చోటంతా వాసన చూసి వెళ్ళిపోయింది. ఇంకేదైనా కూన మిగిలిపోయిందేమోనని. వెనక్కొచ్చి ఒకసారి చూసుకోకపోతే ఏ తల్లి మనసు ఊరుకుంటుంది చెప్పు?

నాయుడు మేక తాడు తెచ్చి పారమ్మ చేతిలో పెట్టాడు.

పులి కొండకి, పాలు బిడ్డకి,
కథ కంచికి, నా తల్లి నిద్రకి!