తీసేసిన తిట్టు

కాలువపల్లిలో విశ్వపతి అనే నాటకాల మేష్టారు ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, కటువైన మాట ఎక్కడ కనబడినా దాన్ని మెత్తబరచకుండా ఉండలేకపోయేవాడు. వీధికుక్క అరుగెక్కినా "కాస్త దిగమ్మా" అని బతిమాలేవాడని ఊరంతా ఆయన్ని ఆటపట్టించేది.

ఆ ఊళ్ళో ఏటా ఒక పాత నాటకం ఆడేవారు. ఎప్పుడో వందేళ్ళ కిందట ఆ ఊరివాడే రాసిన నాటకం అది. అందులో చెప్పులు కుట్టేవాళ్ళ పేట నుంచి దేవమ్మ అనే ఆవిడ కుండ పట్టుకుని వచ్చి, జ్వరంతో ఉన్న బిడ్డ కోసం కామందు నూతి దగ్గర నీళ్ళు అడుగుతుంది. "ఛీ, తోలు కంపుదానా! నీ నీడ పడితే నా నుయ్యి మైలపడుతుంది, పో!" అంటాడు కామందు. దేవమ్మ ఆ కుండను అతని కాళ్ళ ముందు విసిరికొట్టి వెళ్ళిపోతుంది. తర్వాత పేటవాళ్ళంతా కలిసి సొంతంగా నుయ్యి తవ్వుకుంటారు.

ఆ ఏడు నాటకం ఆడించే పని విశ్వపతికి వచ్చింది. కామందు మాట చదవగానే ఆయనకు ఒళ్ళు మండింది. "ఎంత గొప్ప నాటకమైతే మాత్రం, ఇంత పాడుమాట పదిమందిలో అనిపిస్తామా?" అని దాన్ని కొట్టేసి, "ఇప్పుడు వీలుపడదమ్మా, ఇంకోచోట చూసుకో తల్లీ" అని రాశాడు.

దేవమ్మ వేషం వేస్తున్న సువార్త ఆసుపత్రిలో నర్సు. ఆమెదీ ఊళ్ళోని చెప్పులు కుట్టేవాళ్ళ పేటే.

"మేష్టారూ, ఇంత మర్యాదగా చెబితే నేను కుండెందుకు పగలగొట్టాలండీ?" అని అడిగింది.

"నీ కోసమే తీసేశానమ్మా. అలాంటి మాట నీ ఎదురుగా ఎలా అనిపించను?"

"మా అమ్మమ్మ పడ్డ మాటేనండీ అది. ఆవిడ పడిందని జనానికి తెలియొద్దా?"

"నువ్వు బాగా నటిస్తావుగా, అదే తెలుస్తుందిలే" అని కొట్టిపారేశాడు మేష్టారు.

నాటకం రోజు రానే వచ్చింది. ముందు వరసలో పేటవాళ్ళతో పాటు సువార్త తల్లి కూర్చుంది. వేదిక మీద కామందు ఎంతో నెమ్మదిగా, "ఇంకోచోట చూసుకో తల్లీ" అన్నాడు. సువార్త కుండ విసిరికొట్టింది. జనం గొల్లున నవ్వారు.

"అబ్బో, ఎంత పొగరు!" అన్నాడొకాయన.

"పాపం, పెద్దాయన తల్లీ అన్నాడు కదా!" అంది ఇంకొకావిడ.

వెనక నుంచి ఒకడు, "కామందుగారికి దండం పెట్టి తప్పయిందని చెప్పవే!" అని అరిచాడు. దానికి చప్పట్లు కూడా మోగాయి. సువార్త తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తెర పక్కన నిలబడ్డ విశ్వపతికి అప్పుడు తెలిసొచ్చింది. తాను ఎవరిని నొప్పించకూడదనుకున్నాడో ఆమెనే పదిమందిలో దోషిని చేశాడు. సిగ్గుతో చితికిపోయాడు. గబగబా వేదిక మీదికి వచ్చి ఆట ఆపించాడు.

"అయ్యా, ఈ కామందు అంత మర్యాదస్తుడు కాదు. ఆ మెత్తని మాటలు నేను రాసినవి. తప్పు నాది. నాటకంలో ఉన్నది ఉన్నట్టే మళ్ళీ ఆడతాం, వినండి" అన్నాడు.

కామందు వేషం వేసిన గోపాలస్వామి తటపటాయించాడు. "అనండి బాబాయ్, గట్టిగానే అనండి" అంది సువార్త.

ఆయన పాత మాట ఉన్నదున్నట్టు అన్నాడు. కుండ ఇందాకే పగిలిపోయింది కనక, సువార్త వట్టి చేతులతోనే కామందు కళ్ళలోకి సూటిగా చూసి వెనుదిరిగింది. ఈసారి ఒక్కరూ నవ్వలేదు. దండం పెట్టమని అరిచినవాడు తలవంచుకున్నాడు. ముందు వరసలో సువార్త తల్లి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, ఆమె వెంట ఊరంతా కొట్టింది.

పిల్లలూ, పాత కథలోని చెడ్డమాటను చెరిపేస్తే మంచివాడైపోయేది ఆ మాట అన్నవాడే, అన్యాయమయ్యేది పడ్డవాళ్ళే. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు చదవాలి, మన నోట మాత్రం ఎన్నడూ రానివ్వకూడదు.