ఇరవై కుక్కల సాక్ష్యం

దేవుడు నాకు నోరిచ్చాడు గనక చెబుతాను, మీకు చెవులిచ్చాడు గనక వినండి. వెనకవాళ్ళు కాస్త ముందుకు జరగండి తల్లీ, ఈ కథలో అరుపులెక్కువ, నా గొంతేమో ఒక్కటే.

పచ్చికసీమ అని జంతువుల దేశం. దానికి రాజధాని మువ్వలపట్నం. ఆ మధ్యాహ్నం అక్కడ బజారు భగ్గుమంది. ఎద్దులు బళ్ళు బోర్లదోస్తున్నాయి. కోతులు కావలి కుక్కల ఠాణా మీదికి రాళ్ళు రువ్వుతున్నాయి. మేకలు కనిపించిన తలుపునల్లా కుమ్ముతున్నాయి. ఎందుకంటారా? అప్పుడే తీర్పు వచ్చింది.

ఇటుకలు మోసే గాడిద నూకాలుకి ఒక్కగానొక్క కొడుకు. పేరు సింహాద్రి. నవ్వకండి, సింహాద్రి కొండ మీది అప్పన్న స్వామికి మొక్కుకుంటే పుట్టాడు మరి! వీపు మీద ఇటుకలతో వస్తూ, కుక్కల జమేదారు రుద్రన్నకి దారి తొలగడం కాస్త ఆలస్యం చేశాడు. అంతే. రుద్రన్న వాడి కాలు నోట కరిచి, విరిగేదాకా వదల్లేదు. కోర్టులో మాత్రం ఇరవై కుక్కలూ ఒక్క గొంతుతో, "గాడిదే ముందు తన్నాడు, కళ్ళారా చూశాం" అన్నాయి. ఎలుగుబంటి జడ్జి జాంబయ్యగారు బుర్ర గోక్కుని, "ఇంతమంది చూశామంటే కాదనేదెలా?" అని రుద్రన్నని వదిలేశారు. పైగా సింహాద్రిని ఊరు విడిచి పొమ్మన్నారు.

కుంటికాలుతో ఆ పిల్లాడు ఎక్కడికి పోతాడు? నూకాలుకి కడుపు రగిలిపోయింది. తానూ గుంపులో కలిసి ఒక తలుపుని ఫెడేల్మని తన్నింది. తీరా చూస్తే అది కోడిపెట్ట చిట్టెమ్మ కొట్టు.

"ఏం నూకాలొదినా, నీ కొడుకు కాలు నేను విరిచానా?" అంది చిట్టెమ్మ, పిల్లల్ని రెక్కల కింద దాచుకుంటూ.

నూకాలుకి తల కొట్టేసినట్టయింది. ఇంతలో గొంగళి కప్పుకున్నవాడెవడో బండెక్కి అరిచాడు. "కొట్లెందుకర్రా! కోర్టు తగలబెట్టండి! న్యాయపీఠం బూడిద చెయ్యండి!"

గుంపు హోరెత్తింది. నూకాలు చెవులు మాత్రం నిక్కబొడుచుకున్నాయి. కోర్టులో తన కొడుకుని పొగరుబోతన్న గొంతు కాదూ ఇది! పళ్ళతో గొంగళి లాగేసింది. లోపల నక్క. కుక్కల తరఫున వాదించిన ప్లీడరు చిత్రాంగయ్య!

"కేసు గెలిచినవాడివి. కోర్టు మీద నీకేం కోపమయ్యా?" అంది నూకాలు.

నక్క గొంగళి మళ్ళీ మీదికి లాక్కోబోయాడు. అసలు సంగతి ఎద్దు వీరన్నకి తట్టింది. "ఓరి మీ తెలివి తెల్లారినట్టే ఉంది! తీర్పు మార్చమని అడగాలంటే పొద్దుగుంకేలోపు అదే పీఠం ముందు అడగాలి కదర్రా. పీఠం కాలిపోతే ఇంకెక్కడ అడుగుతాం? వీడు మన చేత్తోనే మన నోరు మూయిస్తున్నాడు!"

"అయితే వీణ్ణి కుమ్మేద్దాం!" అన్నాయి మేకలు.

"ముట్టుకోకండి. నా బిడ్డ తప్పు లేదన్న మాట కావాలి నాకు. వీడి బొచ్చు నాకెందుకు? రాళ్ళు కింద పారేసి, వీణ్ణి మధ్యలో పెట్టుకుని నా వెనక నడవండి" అంది నూకాలు. దారిలో మల్లి అనే పిల్లి కనిపిస్తే, దాని చెవిలో తానేదో ఊదింది కూడా.

జాంబయ్యగారు పీఠం దిగబోతున్నారు. "మళ్ళీ ఏంటమ్మా?"

"ఆ ఇరవైమందినీ పెరటి గోడవారన వరసగా నిలబెట్టించండి బాబూ. వాళ్ళ చూపు ఎంత గట్టిదో చూద్దాం."

నిలబెట్టారు. గోడ మలుపు దగ్గర, మొదటి కుక్కకి తప్ప ఇంకెవరికీ కనపడకుండా, మల్లి తోక ఆడించింది. మొదటి కుక్క "భౌ!" మంది. ఇంకేముంది! ఇరవయ్యీ గొంతులు చించుకున్నాయి.

జడ్జిగారు ఒక్కొక్కరినీ విడిగా పిలిచారు. "ఏం చూశావు?"

"దొంగండి! కళ్ళారా చూశాను!"

రెండోవాడు, "పులండి బాబూ, ఇంతుంది!"

మూడోవాడు, "పామండి. పడగెత్తింది."

నాలుగోవాడు ఇటూ అటూ చూసి, "తతిమ్మావాళ్ళేం చూశారండీ?" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు.

ముసలికుక్క పోలయ్య వంతు వచ్చింది. తల దించుకున్నాడు. "నేనేం చూళ్ళేదు బాబూ. ఒకడరిస్తే మేమంతా అరుస్తాం. ఆవేళా అంతే, రుద్రన్న అరిచాడు, మేం అందుకున్నాం. నేను చూసిందల్లా కింద పడ్డ పిల్లాణ్ణి, రుద్రన్న నోట్లో వాడి కాలుని."

జాంబయ్యగారు పీఠం దిగి, తల్లి పక్కన కుంటికాలుతో నిలబడ్డ సింహాద్రి ఎదుటికి వెళ్ళి, చేతులు జోడించారు. "తప్పు నాది నాయనా. ఎన్ని గొంతులున్నాయో చూశాను గానీ, ఎవరికి కళ్ళున్నాయో చూడలేదు. ఊరు నీది."

రుద్రన్న మెడలో ఇత్తడి బిళ్ళ ఊడింది. వాణ్ణి ఖైదులో వేశారు. చిత్రాంగయ్య నల్లకోటు అక్కడికక్కడే విప్పించారు. జనం దారిస్తుంటే తోక కాళ్ళ మధ్య ఇరికించుకుని పరిగెత్తాడు, ఊరు దాటేదాకా వెనక్కి చూడలేదు. ఇక డప్పులేమిటి, దండలేమిటి! సింహాద్రిని బండెక్కించి వీరన్న తనే లాగాడు. నూకాలు ఆనందం పట్టలేక ఒక్క ఓండ్ర పెట్టింది చూడండీ, కొండ మీద స్వామి ఆ పాటకి చెవొగ్గి ఉంటాడని నా నమ్మకం!

నీతి: మన కోపం న్యాయమైనదే అయినా, దాని పగ్గం ఎవడి చేతిలో ఉందో చూసుకుని మరీ కదలాలి.