హద్దులమ్మ వెలసిన వైనం

పూర్వం తెల్లదొరల ఏలుబడి గోదావరి ఎగువ కొండల్లోకి, పొగమంచు లోయలోకి దిగినట్టు మెల్లమెల్లగా దిగుతున్న రోజుల్లో, ఊడిమెట్ట చుట్టూ ఉన్న పన్నెండు గూడేలకు పోతురెడ్డి అనే ఆయన ముఠాదారుగా, అంటే సర్కారు తరఫు పెత్తందారుగా, ఉండేవాడు. ఆ పెత్తనం రాసిచ్చిన సర్కారు సన్నదు పత్రం అందుకున్న నాడు ఆయన కొండదేవత ఎదుట పిడికెడు మట్టి తిని, బతికున్నంతకాలం సర్కారుకు లోబడి ఉంటానని ప్రమాణం చేశాడు. అలా మట్టి తిన్నవాడు మాట తప్పితే వంశం నిలవదని ఆ కొండల్లో నమ్మకం.

కొన్నేళ్లకు సర్కారు అడవికి హద్దులు కట్టింది. కొలతల అమీను ఊడిమెట్ట నెత్తిన అంకె చెక్కిన రాయి ఒకటి పాతించి, దాని అవతల ఎవరూ పోడు చేయరాదని చాటించాడు. పోడు లేనిదే గూడేల్లో గింజ లేదు. పోతురెడ్డి మూడేళ్లలో మూడు అర్జీలు పంపాడు. మొదటిదానిలో దొరవారి దయ కోరాడు, రెండోదానిలో న్యాయం కోరాడు, మూడోదానిలో జవాబు మాత్రం కోరాడు. ఏదీ రాలేదు.

విత్తే ముందు నిలువురాయి ఎక్కడ కనిపించినా పసుపు పూసి, అనుమతి అడగడం అక్కడి ఆచారం. నాలుగో ఏట తొలకరికి మెట్టెక్కిన ఆడవాళ్లు ఆ హద్దురాయిని చూసి, ఎవరు నిలిపినా నిలువురాయి అమ్మవారేననుకుని, ముద్దపసుపు మెత్తి, దండం పెట్టుకుని, అవతలి పాత పోడులో సామలు చల్లేశారు. మర్నాటికల్లా అమీను బంట్రోతులతో దిగాడు. రాయి కడగాలి, విత్తినవాళ్లను కట్టి కచేరీకి తోలాలి, రెండూ ముఠాదారు చేతులమీదుగానే జరగాలి అన్నాడు.

"మీరే తెచ్చి నిలబెట్టారు కదయ్యా, వచ్చినావిడకు పసుపు రాయకుండా ఎట్టా ఊరుకుంటాం?" అంది పోతురెడ్డి మేనత్త కన్నెమ్మ. ఆడవాళ్లు నవ్వారు.

"ముఠాదారూ, నీళ్లు తెప్పించు" అన్నాడు అమీను.

"కడుగు అల్లుడా," అంది కన్నెమ్మ. "మట్టి తిన్నావాయె. అదింకా అరిగినట్టు లేదు."

పోతురెడ్డి రాయి ముందు కూర్చున్నాడు. తల్లీ, నా ప్రమాణమే నీకు ముఖ్యమైతే ఈ పసుపు పోనీ, నా వాళ్లను నేనే కడతాను. కాదంటే నిలుపుకో అని మనసులో అనుకుని, ఏ మోసమూ లేకుండా, రెండు చేతులా తోమాడు. అప్పుడు మబ్బు మెట్ట మీదికి దిగి మనుషుల్ని కప్పేసింది. మాటలు ఎక్కడో ఏటికవతల నుంచి వినిపిస్తున్నట్టయ్యాయి. అరచేతుల కింద రాయి జ్వరం వచ్చిన బిడ్డ వీపులా వెచ్చగా ఉంది. ఒక కుండ అయింది, మూడు కుండలయ్యాయి, ఏడో కుండా అయింది. నీళ్లు పచ్చగా జారుతూనే ఉన్నాయి, రాయి పచ్చగానే ఉంది. పూసింది దోసెడు పసుపు. కిందనున్న వాగు రేవుదాకా పసుపుపచ్చగా పారుతోంది. ఆయన నోట్లో ఏనాటిదో మట్టిరుచి ఒకసారి ఊరి, మంచుబిందువులా కరిగిపోయింది.

మబ్బు విడిచాక పోతురెడ్డి లేచి, నడుముకు కట్టుకున్న సన్నదు విప్పి అమీను చేతిలో పెట్టాడు. "దొరగారికి ఇది నా నాలుగో అర్జీ అని చెప్పండి. దీనికి జవాబు అక్కర్లేదు" అని, ఆడవాళ్ల వెంట రాయి దాటి పోడులోకి నడిచాడు. ఆ వానాకాలమే పటాలం వచ్చింది. పన్నెండు గూడేలూ ఆయన వెనక విల్లెత్తాయి. మూడో ఏట ఆయన తుపాకి దెబ్బకు ఒరిగాడు. వంశం మాత్రం నిలిచింది.

నేటికీ తొలకరి పడగానే ఆ వంశంలో పెద్దవాడు ఏడు కుండల నీళ్లతో హద్దులమ్మను కడుగుతాడు. పైపైన చేయి ఆడిస్తే ఆడవాళ్లు ఊరుకోరు; "గట్టిగా తోము మావా, అమీను చూస్తన్నాడు" అని వెనకనుంచి కేకలేస్తారు. చెంపల మీద చెమట కారేదాకా అతడు తోముతాడు. పసుపు పోలేదని అందరూ దగ్గరికి వచ్చి కళ్లారా చూసుకున్నాకనే, ఆ పన్నెండు గూడేల్లో మొదటి గింజ నేల మీద పడుతుంది.