ముడివిప్పమ్మ

రాళ్లవంక గట్టున వెలసిన ముడివిప్పమ్మ దర్శనానికి వచ్చే భక్తులకు ముందుగా ఒక మనవి. అమ్మవారికి చీర సమర్పించవచ్చు గానీ కట్టరాదు. మడతపెట్టి పాదాల దగ్గర ఉంచాలి. ఒంటిమీద నూలుపోగు లేకుండా, మోకాళ్లెత్తి కాన్పుకు కూర్చున్న తల్లిని చూసి కొందరు తల దించుకుంటారు. గుమ్మం పక్కనే నిలుచున్న దిగంబర భైరవుడికి మాత్రం కళ్లారా చూసి దండం పెడతారు. ఇదేం చోద్యమో మాకు నేటికీ అంతుపట్టలేదు.

పూర్వం ఇక్కడ ఓబులక్క అనే మంత్రసాని ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. నొప్పులొస్తే ఊరంతా ఆమె కోసం పరుగెత్తేది. బిడ్డ భూమ్మీద పడగానే ఆమెను దొడ్డిదారిన పంపి, కూర్చున్న చోట పేడనీళ్లు చల్లేవారు. పాపం, ఆమె కష్టసుఖాలు చెప్పుకొన్నది ఈ రాతితల్లితోనే.

ఒకనాడు ఊరిపెద్ద చెన్నరాయుడికి ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. "పరువుగలవాళ్లు తిరిగే చోట ఈ బరితెగింపేమిటి?" అని విగ్రహానికి మెడ నుంచి మడమల దాకా చీర చుట్టి, తన చేత్తోనే మోకుతో ముడి బిగించాడు. అడ్డుపడిన ఓబులక్కను గుడి మెట్టెక్కవద్దన్నాడు. భైరవుడి జోలికి పోలేదు. మగదేవుడాయె! ఆనాటి నుంచి ఓబులక్కకు పలకరించే దిక్కు లేకపోయింది. వంక అవతలి ఒడ్డున నిలబడి ఆ చీరమూటను చూసి ఏడ్చేది.

కొన్నాళ్లకు రాయుడి కోడలికి నొప్పులొచ్చాయి. ఓబులక్క వచ్చి రెండు రోజులైనా బిడ్డ కదలలేదు. కాన్పు కష్టమైతే ముడులన్నీ విప్పడం ఆచారం కదా! జడలు విప్పారు, పశువుల పలుపులు విప్పారు, మంచాల నులక సైతం విప్పారు. మూడోనాటి మధ్యాహ్నం రాయుడు ఆమె చేతులు పట్టుకొని, "ఇంకే ముడి మిగిలింది ఓబులక్కా?" అని అడిగాడు.

"నువ్వేసిందే అయ్యా. నువ్వే విప్పాల."

రాయుడు మండుటెండలో పరుగెత్తాడు. మోకు బిగిసిపోయింది. గోళ్లు చీలి రక్తం కారింది. ఎట్టకేలకు చీర జారింది, ఇంట్లో బిడ్డ కేరుమన్నది.

ఆ పూటా ఓబులక్కను దొడ్డిదారినే పంపారు. ఆమె తిన్నగా గుడికి వచ్చి, అమ్మ మోకాలికి తల ఆనించి, "వచ్చినానే తల్లీ" అన్నది. ఆమె ఎన్నడు కన్నుమూసిందో ఊళ్లో ఎవరూ గుర్తుంచుకోలేదు.

అందుకే ఓబులక్కకు ఇక్కడ తిథి లేదు. బాలింత బిడ్డతో వచ్చిన రోజే ఆమె తిథి. పాదాల దగ్గరి చీర తీసుకువెళ్లిన గర్భిణికి సుఖప్రసవం కలుగుతుందని పెద్దల మాట. అర్చకుడు గోత్రం అడిగినప్పుడు, ఏ ఇంటివారైనా సరే, "ఓబులక్క బిడ్డలం" అని చెప్పాలి.