నోట్లోంచి రాయి జారిన పందెం

ఒకప్పుడు పెంగ్విన్లు ఎడంగా, ఎక్కడివక్కడ నిలబడేవి. ఒకదాని రెక్క ఇంకొకదానికి తగిలితే చాలు, "ఏయ్, అటు జరుగు!" అని కసిరేది. చలికి కటకటలాడించడానికి నోట్లో పళ్లు కూడా లేవు, అయినా పొగరుకి మాత్రం లోటు లేదు!

అవి సముద్రం ఒడ్డున మంచు మీదే గుడ్లు పెట్టేవి. ఎండ కాస్త ముదిరిందా, ఫట్‌మని మంచు విరిగేది. గుడ్లన్నీ నీళ్లపాలు. ఏటా ఇదే ఏడుపు.

పాపం, చూడలేక తిమింగలం తాత నీళ్లలోంచి తల బయటపెట్టాడు.

"లోపలికి పోండర్రా! అదిగో, ఆ రెండు కొమ్ముల కొండ కింద మంచు ఎప్పటికీ విరగదు. అడుగున ఈదేవాణ్ణి, నాకు తెలీదూ?"

తూర్పు ఒడ్డు గుంపుకి పెద్ద గుమ్మడయ్య. పడమటి ఒడ్డు గుంపుకి పెద్ద సూదెమ్మ. ఇద్దరూ ఉప్పూ నిప్పూలా ఉండేవారు.

"ఆ చోటు మాది!" అన్నాడు గుమ్మడయ్య.

"అబ్బో, మీ తాత కట్టించాడా? మాది!" అంది సూదెమ్మ.

పెంగ్విన్లకో పాత కట్టుబాటు ఉంది. కావాల్సిన చోట ఎవరి రాయి ముందు పడితే ఆ చోటు వాళ్లది. ఓడిన గుంపు మళ్లీ విరిగే మంచు మీదే గుడ్లు పెట్టుకోవాలి. వాటికి చేతుల్లేవు కదా, రాయిని ముక్కుతో కరిచి పట్టుకోవాల్సిందే. దారిలో నోరు తెరిచి రాయి జారవిడిస్తే ఓడినట్టే.

పెద్దలిద్దరూ చెరో రాయీ కరుచుకుని బయల్దేరారు. బొజ్జ మీద జర్రున జారారు, లేచారు, నడిచారు, మళ్లీ పడ్డారు.

"ఏం గుమ్మడయ్యా, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? పలకవేం?" అని గాలి వెంటపడి ఏడిపించింది. పలికితే ఇంకేముంది! గుడ్లురిమి చూసి ఊరుకున్నాడు.

గుమ్మడయ్య ముందు, సూదెమ్మ వెనక. అతను తలెత్తి కొండనే చూస్తూ పరిగెడుతున్నాడు. అతని ముందు మంచులో పెద్ద చీలిక! పైన పల్చటి మంచు కప్పేసింది. వెనక దిబ్బ మీదున్న సూదెమ్మకి ఆ నీలిరంగు గీత కనబడింది.

నోరు మూసుకుంటే గెలుపు ఆమెదే. ఆమె గుంపు గుడ్లన్నీ బతుకుతాయి. అయినా సూదెమ్మ నోరు తెరిచి అరిచింది.

"అన్నా, ఆగు! ముందు గొయ్యి!"

గుమ్మడయ్య అంచు మీద ఆగాడు. సూదెమ్మ రాయి మాత్రం దొర్లుకుంటూ పోయి ఆ చీలికలో పడింది.

ఇద్దరూ చీలికని చుట్టి నడిచారు. "ఇంక మా పిల్లల గతి ఏం కాను?" అని సూదెమ్మ ఏడుస్తూనే నడిచింది. గుమ్మడయ్య నోట్లో రాయి, కళ్లల్లో నీళ్లు.

ఎవరో ఒకరు పడితే నవ్వుదామని చూసిన గాలికి ఒళ్లు మండింది. మంచు తుఫాను లేపింది. సన్నటి సూదెమ్మ తట్టుకోలేక కూలబడింది. కొండ ఎదురుగానే ఉంది. గుమ్మడయ్య వెళ్లి రాయి పెడితే చాలు.

అతను వెనక్కి తిరిగాడు.

"లే చెల్లీ! ఇంత బొజ్జ ఎందుకు పెంచాను? దీని చాటుకి రా!"

నోరు తెరవగానే రాయి జారింది. గాలి దాన్ని ఎటో దొర్లించుకుపోయింది.

కాసేపటికి గుమ్మడయ్య వీపు కొయ్యబారింది. "ఇంక నువ్వు లోపలికి రా అన్నా, నేను కాస్తాను" అంది సూదెమ్మ. మళ్లీ అతను, మళ్లీ ఆమె. ఊది ఊది గాలికి ఆయాసం వచ్చింది. "పొండి, మీతో నాకెందుకు!" అని తగ్గిపోయింది.

వెనకే రెండు గుంపులూ కొండ కిందకి చేరాయి. "ఎవరి రాయి ముందు పడింది?" అని అడిగాయి.

"ఒక రాయి గోతిపాలు, ఒకటి గాలిపాలు. ఇంత చోటుంది, అందరూ రండి!" అన్నాడు గుమ్మడయ్య.

అప్పటినుంచే చలిగాలి వీచగానే పెంగ్విన్లన్నీ ఒకదాన్నొకటి ఒత్తుకుని గుండ్రంగా నిలబడతాయి. బయట వణికినవి లోపలికి, లోపల వెచ్చబడ్డవి బయటికి మెల్లగా మారుతుంటాయి. ఇప్పటికీ "జరుగు" అనే అంటాయి. కాకపోతే, "ఇటు జరుగు, నీకు చలేస్తోంది" అంటాయి.